వేయించిన పొద్దుతిరుగుడు గింజలు: సాయంత్రం చిరుతిండికి నిజంగా మంచివేనా?

మియాపూర్_మెట్రో
షుగర్ బార్డర్‌లో ఉందని తేలాక ఆఫీసులో నాలుగ్గంటల సమోసా మానేశాను. దాని బదులు సూపర్ మార్కెట్లో వేయించి ఉప్పు వేసిన పొద్దుతిరుగుడు పప్పు ప్యాకెట్ కొని డ్రాయర్లో పెట్టుకున్నా. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు డబ్బా మూత తీస్తే పాత కొబ్బరినూనె వాసన, నమిలితే చివర్లో చేదు. రేటు చూస్తే పల్లీలకి రెండింతల పైనే. మా ఆవిడేమో "పల్లీలు వేయించి ఇస్తానంటే వినవు, ఆ చిలకల మేత నీకెందుకు" అంటోంది. అసలు వీటిలో అంత గొప్పేముంది? రోజుకి ఎంత తినొచ్చు? ఇంట్లో వేయించుకుంటే నయమా? ఫార్వర్డ్ మెసేజ్‌లు మాత్రం వద్దు, అవి మా ఫ్యామిలీ గ్రూపులో కావలసినన్ని వస్తున్నాయి.

పల్లీపట్టీ_పెద్దిరాజు
మీ ఆవిడ మాటే నా మాట. అనంతపురం పల్లీని మించిన చిరుతిండి ఈ భూమ్మీద లేదు. టాపిక్ క్లోజ్ చేసుకోవచ్చు.

వేపచెట్టు_నీడ
@పెద్దిరాజు క్లోజ్ చేయడానికి నువ్వెవరు మోడరేటరువా 😄

డైట్_దివ్య
డైటీషియన్‌గా పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ఉప్పు లేకుండా వేయించిన పప్పు 100 గ్రాముల్లో సుమారు 580 క్యాలరీలు, 19 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల దాకా కొవ్వు ఉంటాయి. పీచు 11 గ్రాములు. అసలు విశేషం విటమిన్ ఇ. గుప్పెడు, అంటే ఓ 30 గ్రాములు తింటే రోజుకి కావలసిన దాంట్లో దాదాపు సగం వచ్చేస్తుంది. పల్లీల్లో అంత రాదు. ప్రొటీన్లో మాత్రం పల్లీదే పైచేయి, వందకి 25 గ్రాముల దాకా ఉంటుంది. పెద్దిరాజు గారు అక్కడ కాలరెగరేసుకోవచ్చు.

షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్ళకి పిండిపదార్థం తక్కువ, పీచు ఎక్కువ కాబట్టి సమోసా కంటే ఇది చాలా మెరుగు. కానీ "మంచివి కదా" అని టీవీ చూస్తూ గిన్నెడు లాగించేస్తే ఒక పూట భోజనమంత క్యాలరీలు లోపలికి పోతాయి. 30 గ్రాములు ఒకసారి తూకం వేసి చూసుకోండి, మీరు అనుకున్నదానికంటే తక్కువే కనబడుతుంది.

డబ్బా సంగతి: చేదెక్కింది, పారేయండి. తినదగ్గది కాదు.

మియాపూర్_మెట్రో
సగం పైనే మిగిలింది మేడమ్. మళ్ళీ వేయిస్తే వాసన పోదా?

డైట్_దివ్య
పోదు. నూనె పాడయ్యాక ఎంత వేయించినా వెనక్కి రాదు, ఇంకా ముదురుతుంది.

గానుగ_వీరుడు
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. సన్‌ఫ్లవర్ అంటేనే ఒమేగా 6 అనే రకం కొవ్వు. ఒళ్ళంతా వాపులు, కీళ్ళ నొప్పులు, గుండె జబ్బులు అన్నిటికీ మూలం అదే. మా ఇంట్లో రిఫైన్డ్ నూనె మానేసి గానుగ నువ్వుల నూనె వాడుతున్నాం. ఆ గింజలు తినడం కంటే ఊరుకోవడం మేలు.

బోధన్_బుల్లోడు
అన్నా, నువ్వుల నూనెలో కూడా ఒమేగా 6 ఉంటది కదా 🙈

గానుగ_వీరుడు
ఉంటుంది, కానీ అది సహజం.

బోధన్_బుల్లోడు
గింజేమన్న ఫ్యాక్టరీలో కాసిందా?

డైట్_దివ్య
ఇద్దరూ ఆగండి. గింజ వేరు, రిఫైన్డ్ నూనె వేరు. గింజలో పీచు, ప్రొటీన్, మెగ్నీషియం, విటమిన్ ఇ అన్నీ కలిసి వస్తాయి. ఒమేగా 6 తింటే ఒళ్ళు వాస్తుందన్న మాట మనుషుల మీద చేసిన పరిశోధనల్లో నిలబడలేదు. నెయ్యి, వనస్పతి లాంటి గడ్డకట్టే కొవ్వు బదులు ఇది తీసుకుంటే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుందని మాత్రం గట్టిగానే తేలింది.

గానుగ గారి మాటలో పనికొచ్చే ముక్క ఒకటుంది. మన ఇళ్ళలో కూర, తాలింపు, పూరీ అన్నీ సన్‌ఫ్లవర్ నూనెతోనే అవుతున్నప్పుడు ఒమేగా 6కి లోటు లేదు. తగ్గేది ఒమేగా 3 అనే ఇంకో రకం కొవ్వు. అందుకే ఒక రోజు ఇవి, ఒక రోజు అవిసెలు, ఇంకోరోజు అక్రోట్లు అని మార్చుకుంటే బాగుంటుంది. చేపలు తినేవాళ్ళకి ఆ బెంగ లేదు.

అమ్మమ్మ_మూకుడు
చర్చలు తర్వాత, ముందు వేయించడం నేర్చుకోండి. సగం మందికి చేదు వచ్చేది మాడ్చడం వల్లే.

వేయించని పప్పు కొనండి, ఉప్పు లేనిది. అడుగు మందంగా ఉన్న మూకుడు సన్న సెగ మీద పెట్టి, పప్పు పల్చగా ఒకే వరసలో పడేట్టు వేయండి. కుప్పగా పోస్తే కిందవి మాడతాయి, పైవి పచ్చిగా ఉంటాయి. గరిటె ఆపొద్దు. ఐదారు నిమిషాల్లో కమ్మటి వాసన మొదలై, మొనల దగ్గర లేత బంగారు రంగు కనబడుతుంది. అప్పుడే దించేయాలి. ఇంకొంచెం రంగు రానిద్దాం అని నిలబడ్డారా, అయిపోయినట్టే. దించాక మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడతాయి, వెంటనే పళ్ళెంలోకి ఒంపండి. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి, లేకపోతే ఆవిరి పట్టి మెత్తబడతాయి.

ఉప్పు కావాలంటే చిటికెడు ఉప్పు చెంచాడు నీళ్ళలో కరిగించి, దించే ముందు చిలకరించండి. చుర్రుమని ఆరిపోయి గింజకి సన్నగా పట్టుకుంటుంది. పొడి ఉప్పు చల్లితే సగం డబ్బా అడుగునే ఉంటుంది, రుచి చాలట్లేదని ఇంకా వేస్తారు.

మియాపూర్_మెట్రో
అమ్మమ్మ గారూ, స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి పంపాను. "నీ చేతులకేమైంది" అని రిప్లై వచ్చింది.

లంచ్‌బాక్స్_లత
😂😂 కరెక్టే కదా

వేపచెట్టు_నీడ
ఓవెన్ ఉన్నవాళ్ళు 160 డిగ్రీల్లో పెట్టి మధ్యలో ఒకసారి కలిపితే చాలు. పది నిమిషాల నుంచి కన్నేసి ఉంచాలి. మైక్రోవేవ్ అయితే ఒక్కొక్క నిమిషం పెట్టి కలుపుతూ ఉండాలి. నాకు మాత్రం మూకుడు రుచే ఇష్టం.

సిద్దిపేట_రైతుబిడ్డ
చిలకల మేత అన్న మాట చదివి నవ్వొచ్చింది. మేం యాసంగిలో పొద్దుతిరుగుడు వేస్తాం. పువ్వు వెనక భాగం ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిందంటే కోతకొచ్చినట్టు, ఆ టైముకి రామచిలకలు గుంపులుగా దిగుతాయి. పువ్వు మీదే కూర్చుని తల కిందికి వంచి ఒక్కొక్క గింజ లాగి పొట్టు ఒలిచి పడేస్తాయి. తిన్నదానికంటే రాల్చేదే ఎక్కువ. తళతళలాడే రిబ్బన్లు కడతాం, డబ్బాలు కొడతాం, రెండ్రోజులకి అవి కూడా అలవాటు పడిపోతాయి.

పల్లీపట్టీ_పెద్దిరాజు
అయితే మీ దగ్గరే కొనుక్కోవచ్చు కదా? 2024-25కి మద్దతు ధర క్వింటాలు 7,280 అని పేపర్లో చూశాను. అంటే కిలో 73 లోపే. వీళ్ళు పప్పు కిలో నాలుగైదు వందలకి అమ్ముతున్నారు. మధ్యలో ఎవడు తింటున్నాడు?

సిద్దిపేట_రైతుబిడ్డ
అన్నా, రెండూ ఒకటి కాదు. మా చేలో పండేవి నూనె రకాలు. గింజ నల్లగా, చిన్నగా ఉంటది, నూనె 40 శాతం దగ్గర. మీరు ప్యాకెట్లో తినేవి చాలావరకు తినడానికే పెంచే పెద్ద గింజ రకాలు, పొట్టు మీద తెల్ల చారలుంటాయి. ఆ గింజలు చైనా, బల్గేరియా లాంటి చోట్ల బాగా పండిస్తారు. మా నల్ల గింజలో పొట్టే పావు వంతు దాకా పోతది, పైగా పప్పుకి అతుక్కుని ఉంటది, ఒలవాలంటే ఓపిక కావాలి. చిన్నప్పుడు పొయ్యి పక్క నిప్పుల్లో వేయించుకుని తిన్నవాళ్ళమే, రుచికి ఏం తక్కువ లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అందరూ వినండి. విత్తనాల షాపులో దొరికే హైబ్రిడ్ ప్యాకెట్ గింజలు పొరపాటున కూడా నోట్లో వేసుకోవద్దు. పురుగు, తెగులు రాకుండా మందు పట్టించి అమ్ముతారు. గులాబీ రంగో, ఆకుపచ్చో, నీలమో పూసి ఉంటది. మా ఊళ్ళో ఒక పిల్లగాడు రంగు బాగుందని తినబోతే వాళ్ళమ్మ చూసి లాక్కుంది.

లంచ్‌బాక్స్_లత
ఇది నాకు తెలియనే తెలియదు. బాల్కనీ కుండీలో వేద్దామని అలాంటి ప్యాకెట్ కొన్నా, వంటింటి అల్మరాలోనే పెట్టా. ఇప్పుడే తీసేస్తున్నా.

రాజేంద్రనగర్_అగ్రి
@రైతుబిడ్డ చెప్పిన దానికి కొంచెం చరిత్ర కలుపుతా. ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికా, అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళ కిందటే సాగు చేశారు. నూనె పంటగా మార్చి పెంచింది రష్యా. క్రాస్నోదార్‌లో పుస్తొవొయిత్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఎంపిక చేసి గింజలో నూనె శాతం బాగా పెంచాడు. మన దేశానికి 1969లో సోవియట్ నుంచి రకాలు తెచ్చారు, వాణిజ్య సాగు ఆ తర్వాత మొదలైంది. 1990ల్లో దేశం మొత్తం మీద 20 లక్షల హెక్టార్లు దాటింది. తర్వాత తెగుళ్ళు, చవక దిగుమతి నూనె కలిసి సాగు కుదేలైంది. ఇక్కడ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉన్నా, మన నూనె మాత్రం ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనా నుంచే వస్తోంది. 2022లో యుద్ధం మొదలవగానే ప్యాకెట్ నూనె రేటు ఎలా ఎగిరిందో అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇంకోటి. ఈ మొక్క నేలలోని కాడ్మియం అనే లోహాన్ని మిగతా పంటల కంటే ఎక్కువ లాగుతుంది. గుప్పెడు తినేవాళ్ళకి భయం లేదు. రోజూ గిన్నెలకి గిన్నెలు తినొద్దనడానికి క్యాలరీలతో పాటు ఇదీ ఒక కారణం.

గానుగ_వీరుడు
చూశారా, నేను ముందే చెప్పా.

బోధన్_బుల్లోడు
నువ్వు చెప్పింది కాడ్మియం కాదు అన్నా, వాపులు.

రష్యాలో_ఎంబీబీఎస్
రష్యా పేరు వచ్చింది కాబట్టి దూరుతున్నా. ఇక్కడ వీటిని సెమిచ్కి అంటారు. పార్కు బెంచీల దగ్గర, బస్టాపుల్లో కింద చూస్తే నల్ల పొట్టే. ముసలమ్మలు బస్తా ముందు పెట్టుకుని గాజు గ్లాసుతో కొలిచి కాగితం పొట్లంలో పోసి అమ్ముతారు, అచ్చం మన బస్టాండు పల్లీల పొట్లమే. మా హాస్టల్లో తెలుగువాళ్ళందరికీ అంటుకుంది. పరీక్షల ముందు రాత్రి ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో గింజలు. పొద్దున ఊడ్చే ఆవిడ తిట్టే తిట్లతోనే నాకు సగం రష్యన్ వచ్చింది.

తినడంలో పద్ధతుంది. గింజ మొన పైకి పెట్టి ముందు పళ్ళ మధ్య నిలువుగా పట్టాలి, అడ్డంగా కాదు. టక్‌మని పగలగానే నాలుకతో పప్పు లాగేసి పొట్టు ఉమ్మేయాలి. అలవాటైతే చెయ్యి అవసరం రాదు. కాకపోతే ఎప్పుడూ ఒకే పంటితో కొరికితే అక్కడ చిన్న గాటు పడుతుంది. మా సీనియర్‌కి పడింది, నవ్వితే కనబడుతుంది.

మియాపూర్_మెట్రో
మరి పొట్టుతో ఉన్నవే కొంటే? ఒక్కొక్కటి ఒలుచుకుంటూ తింటే తక్కువ తింటాం కదా. ఆ లెక్కన అదే ఆరోగ్యం.

డాలస్_బావగారు
లెక్క బాగుంది, ఉప్పు సంగతి చూశారా? ఇక్కడ బేస్‌బాల్ ఆటగాళ్ళంతా బుగ్గలో గింజలు వేసుకుని ఆట సాగినంతసేపూ ఉమ్ముతూనే ఉంటారు. మావాడు స్కూలు టీములో చేరాక మా కారు సీట్ల కింద అన్నీ పొట్లే. బార్బెక్యూ, పుల్ల దోసకాయ, మిరపకాయ, రకరకాల రుచులు. ఉప్పంతా పొట్టు మీదే ఉంటుంది, చప్పరించేది దాన్నే. చిన్న ప్యాకెట్ వెనక సోడియం చూసి నా బీపీ పెరిగింది. మావాడి పెదాలు ఉప్పుకి పగిలిపోయాయి, అయినా మానడు.

డైట్_దివ్య
అదే చెప్పబోతున్నా. పొట్టుతో తింటే నెమ్మదిగా తింటాం, నిజమే. కానీ ఉప్పు పట్టించనివి దొరికితేనే ఆ లాభం. డబ్ల్యూహెచ్ఓ లెక్కన రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కూడా కాదు. మన ఆవకాయ, సాంబారు, పెరుగన్నంలోకి నంజుకునే ఊరమిరపకాయతోనే అది దాటిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు గింజల జోలికి పోవద్దు.

కృష్ణలంక_కిట్టు
పొట్టుతో సహా నమిలేస్తే పీచు ఇంకా ఎక్కువ వస్తుంది కదా? 🤔

వేపచెట్టు_నీడ
అమ్మో, వద్దు. మా పెదనాన్న అదే చేశాడు. పళ్ళు గట్టివి అన్న గర్వం. సంక్రాంతికి అమెరికా నుంచి మా అన్నయ్య తెచ్చిన పెద్ద ప్యాకెట్ మొత్తం పొట్టుతోనే నమిలాడు. తర్వాత విరేచనం కాక, పొట్ట పట్టుకుని మెలికలు తిరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పొట్టు అరగదు, పేగు చివర గడ్డకట్టి కూర్చుంటుంది. ఎలా తీశారో ఇక్కడ రాయను, అన్నం తినే టైము.

కృష్ణలంక_కిట్టు
ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నా.

రష్యాలో_ఎంబీబీఎస్
అన్న చెప్పింది కట్టుకథ కాదు, వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు చాలానే ఉన్నాయి. పిల్లల్లో ఎక్కువ. ఇంకా చిన్న పిల్లలకి, నాలుగైదేళ్ళ లోపు, ఒలిచిన పప్పు కూడా గింజగా ఇవ్వొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. పొడి చేసి అన్నంలో కలపండి.

లంచ్‌బాక్స్_లత
పొడి అన్నారు కాబట్టి నా గోడు. మా పాపకి పల్లీ పడదు, తింటే దద్దుర్లు. అందుకని ఆ గింజల పిండి వేసి కేక్ చేశాను. రాత్రి బంగారంలా ఉంది. పొద్దున్న కోస్తే లోపలంతా ఆకుపచ్చ! బూజు పట్టిందని అత్తగారు మొత్తం పారబోయించారు. పిండి కొత్తదే, అసలేం జరిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

రాజేంద్రనగర్_అగ్రి
వంటసోడా వేశారా?

లంచ్‌బాక్స్_లత
వేశాను, చెంచాడు. ఎలా తెలుసు??

రాజేంద్రనగర్_అగ్రి
ఈ గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది, కాఫీ గింజల్లో ఉండేదే. సోడా క్షారం కదా, రెండూ కలిసి నిలవున్నకొద్దీ ఆకుపచ్చ తిరుగుతుంది. హాని ఏమీ లేదు, నిక్షేపంగా తినొచ్చు. ఈసారి సోడా తగ్గించి కొంచెం నిమ్మరసమో పుల్ల మజ్జిగో కలపండి, రంగు రాదు.

లంచ్‌బాక్స్_లత
అయ్యో, బంగారం లాంటి కేక్! ఇది ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తా, అత్తగారు చూసేట్టు.

డాలస్_బావగారు
@లత ఇక్కడ చాలా స్కూళ్ళలో పల్లీ తేవద్దంటారు. పిల్లలు పల్లీ వెన్న బదులు ఈ గింజల వెన్న రాసిన బ్రెడ్ తెస్తారు. మిక్సీలో వేయించిన పప్పు వేసి ఆపుకుంటూ తిప్పితే దాని నూనె అదే వదులుతుంది, ఇంట్లోనూ అవుతుంది.

డైట్_దివ్య
కాకపోతే ఈ గింజలు పడనివాళ్ళు కూడా ఉంటారు, అరుదే. పాపకి మొదట కొద్దిగా పెట్టి చూశారనుకుంటా.

లంచ్‌బాక్స్_లత
చూశాం, డాక్టర్ని అడిగే మొదలుపెట్టాం.

పీసీఓఎస్_పోరాటం
నాదొక డౌటు. రీల్స్‌లో నెలలో మొదటి సగం అవిసెలు, గుమ్మడి గింజలు, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు తింటే హార్మోన్లు సర్దుకుంటాయి అంటున్నారు. ఎవరికైనా పనిచేసిందా? మా అక్క మందులు ఆపేసి ఇవే తింటోంది.

డైట్_దివ్య
గింజలు తినడం తప్పు కాదు, మందులు ఆపడం తప్పు. ఆ వంతుల పద్ధతి హార్మోన్లని సరిచేస్తుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. నాలుగు రకాలు ఏ రోజు తిన్నా మంచి పోషణే. అక్కని వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి. అలాగే కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, వీటిలో ఫాస్ఫరస్, పొటాషియం బాగా ఉంటాయి, మీ నెఫ్రాలజిస్ట్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

పల్లీపట్టీ_పెద్దిరాజు
క్యాల్షియం సంగతి ఎవరూ ఎత్తలేదు. నువ్వులతో పోలిస్తే ఇందులో ఉన్నది నామమాత్రమే. ఎముకలకి అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

డైట్_దివ్య
అది కరెక్ట్. పెద్దిరాజు గారు ఈ పోస్ట్‌లో పల్లీ మాట ఎత్తకపోవడం గమనించాలి.

అమ్మమ్మ_మూకుడు
ఆఫీసుకి పట్టుకెళ్ళేవాళ్ళకి: దించే ముందు చెంచా నూనెలో కరివేపాకు, చిటికెడు ఇంగువ, కొంచెం కారం వేసి ఒక్క తిప్పు తిప్పండి. సమోసా గుర్తు రాదు. మిగిలిన పప్పుతో వెల్లుల్లి, ఎండుమిర్చి, కొంచెం చింతపండు వేసి పొడి కొట్టుకుంటే ఇడ్లీలోకి పనికొస్తుంది. మిక్సీ ఆపకుండా తిప్పితే ముద్దవుతుంది, జాగ్రత్త.

మియాపూర్_మెట్రో
ఈసారి పాడవకుండా ఎలా దాచాలో కూడా చెప్పండి. డ్రాయర్లో పెట్టడమే తప్పా?

రాజేంద్రనగర్_అగ్రి
ఒలిచిన పప్పుకి గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. పొట్టు ఉన్నంతకాలం అదే కాపాడుతుంది. వేయించాక ఇంకా తొందరగా చెడుతుంది. కొనేటప్పుడు గడువు తేదీ కాదు, ప్యాకింగ్ తేదీ చూడండి. షాపులో ట్యూబ్‌లైట్ కింద నెలల తరబడి నిలబడ్డ పారదర్శక కవరు వద్దు. పచ్చి పప్పు గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి సరిపడా మాత్రం వేయించుకోండి.

కృష్ణలంక_కిట్టు
హాస్టల్లో ఉంటున్నా, స్టవ్ లేదు, ఫ్రిజ్ లేదు. నా గతి?

అమ్మమ్మ_మూకుడు
పచ్చివే తిను నాయనా, ఏం కాదు. వంద గ్రాముల చొప్పున కొనుక్కో.

పల్లీపట్టీ_పెద్దిరాజు
లేదా పల్లీలు కొనుక్కో. కింద బండి మీద వేయించి అమ్ముతాడు.

బోధన్_బుల్లోడు
వచ్చాడండీ మళ్ళీ 😂